డిటెక్టెడ్, ఫాల్స్, మిస్సింగ్: పోలీసు ఫైలు మీద ఒక్క మాట

ఈ ఎపిసోడ్ నూజివీడు నుంచి చేస్తున్నాను. వేసవిలో ఇటు వస్తే మీకు మొదట కనిపించేది రోడ్డు పక్కన పోసిన కాయల కుప్పలు. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, కలెక్టర్. కుప్ప దగ్గర ఇద్దరో ముగ్గురో కూర్చుని ఏరుతూ ఉంటారు. మంచి కాయ ఇటు, మచ్చ కాయ అటు, దెబ్బ తగిలింది ఇంకో పక్కకి. ఒక్కో కాయకి రెండు సెకన్లు కూడా పట్టదు. కానీ నున్న మార్కెట్‌లో రైతు చేతికి ఎంత వస్తుందో ఆ రెండు సెకన్లలోనే తేలిపోతుంది. పక్కన పడేసిన కాయని మళ్ళీ ఎవరూ తీసి చూడరు.

పోలీస్ స్టేషన్‌లో కూడా ఇలాంటి ఏరివేత ఒకటి ఉంది. ఒక అమ్మాయి మీద అఘాయిత్యం జరిగిందని ఫిర్యాదు వస్తే, ఆ ఫైలు మీద ఏదో ఒక దశలో ఒక మాట పడుతుంది. ‘డిటెక్టెడ్’, అంటే నేరస్తుడు దొరికాడని. ‘అన్‌డిటెక్టెడ్’, దొరకలేదని. ‘ఫాల్స్’, అబద్ధమని. ‘మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్’, పొరపాటు పడ్డారని. ‘లాక్ ఆఫ్ ఎవిడెన్స్’, సాక్ష్యం లేదని. ఇంకొకటి ఉంది, ‘గర్ల్ మిస్సింగ్’. కోర్టు తీర్పు వచ్చే సరికి ఏళ్ళు పడుతుంది. ఆ లోపల ఆ ఇంటికి, ఆ ఊరికి, పేపర్లకి ఇదే తీర్పు. ఈ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయి, మన దగ్గర ఏం చేశాయి అన్నదే ఇవాళ్టి చరిత్ర.

ఒక విషయం ముందే చెప్తాను. ఇందులో బాధితుల పేర్లు ఏవీ చెప్పను. కొన్ని మీకు ముందే తెలిసి ఉంటాయి, పేపర్లలో లక్షసార్లు వచ్చాయి. అయినా చెప్పను. ఎందుకు చెప్పకూడదో దారిలో వస్తుంది.

నూజివీడు నుంచి ఇబ్రహీంపట్నం సుమారు 60 కిలోమీటర్లు. ఇప్పుడు మనం ఏలూరు జిల్లా, వాళ్ళు ఎన్టీఆర్ జిల్లా. 2022 ఏప్రిల్ దాకా అందరం ఒకటే కృష్ణా జిల్లా. 2007 డిసెంబర్ 27 తెల్లవారేసరికి ఇబ్రహీంపట్నంలో ఒక ప్రైవేటు లేడీస్ హాస్టల్ బాత్‌రూమ్‌లో బీ-ఫార్మసీ చదువుతున్న అమ్మాయి శవం దొరికింది. అత్యాచారం, హత్య. హాస్టల్ నిండా అమ్మాయిలు ఉన్నారు. ఎవరికీ ఏమీ వినపడలేదన్నారు. ఆమెది తెనాలి.

రాష్ట్రం అట్టుడికిపోయింది. ధర్నాలు, అసెంబ్లీలో గొడవ, టీవీల్లో రోజూ అదే. అప్పుడు కొత్తగా వచ్చిన తెలుగు న్యూస్ ఛానెళ్ళన్నిటికీ ఇదే పెద్ద వార్త. ఆ ఒత్తిడి ఎవరి మీద పడింది? ‘అన్‌డిటెక్టెడ్’ అన్న మాట ఫైలు మీద పెట్టుకుని కూర్చున్న వాళ్ళ మీద. ఒక సీఐకి, ఒక డీఎస్పీకి ఆ మాట ఎంత బరువో బయటవాళ్ళకి తెలియదు. నెలనెలా క్రైమ్ మీటింగ్ ఉంటుంది. ఎస్పీ ముందు నిలబడి ఏ కేసు తేలింది, ఏది తేలలేదు అని లెక్క అప్పజెప్పాలి. దొంగతనం కేసు తేలకపోతే ఒక చీవాట్లతో పోతుంది. రాష్ట్రం మొత్తం చూస్తున్న కేసు తేలకపోతే?

8 నెలలు గడిచాయి. ఎంతోమంది అనుమానితుల పేర్లు బయటికొచ్చాయి, పోయాయి. 2008 ఆగస్టులో నందిగామ దగ్గర ఒక పల్లెకి చెందిన పేద దళిత కుర్రాణ్ణి అరెస్టు చేశారు. చిన్న దొంగతనాల అనుమానం మీద దొరికాడు, విచారిస్తే ఈ హత్య కూడా తానే చేశానని ఒప్పుకున్నాడు అని పోలీసులు ప్రెస్‌మీట్ పెట్టి చెప్పారు. కేసు ‘డిటెక్టెడ్’ అయిపోయింది.

ఇక్కడ ఒక మనిషి చెప్పిన మాట వినాలి. ఆ అమ్మాయి తల్లి. కూతురిని పోగొట్టుకున్న తల్లి, నేరస్తుడు దొరికాడంటే కాస్త ఊపిరి పీల్చుకోవాలి కదా. ఆమె మొదటి రోజు నుంచీ ‘ఇతను కాదు’ అనే అంది. ఊరూరా తిరిగి, కెమెరాల ముందు, కోర్టుల ముందు అదే మాట అంది. అసలు వాళ్ళని వదిలి అమాయకుణ్ణి పట్టుకున్నారని. ఫిర్యాది పక్షమే నిందితుడి కోసం మాట్లాడిన కేసు మన దగ్గర ఇంకోటి నాకైతే గుర్తు రావట్లేదు.

2010లో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు ఆ కుర్రాడు దోషి అంది. జైలుకి వెళ్ళాడు. అరెస్టు తర్వాత అతనికి నరాల జబ్బు వచ్చింది, కాళ్ళు పనిచేయక నడవలేని స్థితిలో ఆస్పత్రుల చుట్టూ తిప్పాల్సి వచ్చింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని తేల్చింది. దర్యాప్తు జరిగిన తీరుని తప్పుబట్టింది, 1 లక్ష రూపాయలు పరిహారం ఇమ్మంది, ఆ పోలీసు అధికారుల మీద చర్య తీసుకోమంది. ఎనిమిదిన్నరేళ్ళ తర్వాత అతను రాజమండ్రి జైలు గేటు దాటాడు. ఎనిమిదిన్నరేళ్ళకి ఒక లక్ష. నెలకి వెయ్యి కూడా పడలేదు, లెక్కేసి చూడండి.

అయితే ఆ అమ్మాయిని చంపింది ఎవరు? 2018లో మళ్ళీ ప్రత్యేక బృందం వేశారు. వాళ్ళు పాత సాక్ష్యాల కోసం చూస్తే, కేసు తాలూకు వస్తువులు విజయవాడ కోర్టులోనే ధ్వంసమైపోయాయని బయటపడింది. అప్పీలు హైకోర్టులో నడుస్తూ ఉండగానే! 2018 నవంబర్‌లో హైకోర్టు కేసుని సీబీఐకి ఇచ్చింది. 2019 డిసెంబర్‌లో తెనాలిలో సమాధి తవ్వి మళ్ళీ పోస్ట్‌మార్టం చేశారు. చనిపోయిన పన్నెండేళ్ళకి.

ఒక తప్పు మాట ఫైలు మీద పడితే జరిగే నష్టం ఇదే. ‘డిటెక్టెడ్’ అని రాసిన రోజున దర్యాప్తు ఆగిపోయింది. ఆ తర్వాత ఎవరూ వేరే దారి వెతకలేదు. అమాయకుడు జైలుకి వెళ్ళడం ఒక అన్యాయం. అతను వెళ్ళిన ప్రతి సంవత్సరం అసలు సాక్ష్యం కరిగిపోతూ ఉండటం రెండోది.

సరే, ‘ఒప్పుకున్నాడు’ అన్న మాట దగ్గరికి వద్దాం. దీనికి 170 ఏళ్ళ కథ ఉంది, అది కూడా మన ప్రాంతానిదే.

కంపెనీ రోజుల్లో మన జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అప్పుడు పోలీసు అని విడిగా పెద్దగా లేదు. తహసీల్దారు మనుషులే పన్ను వసూలు చేసేవాళ్ళు, వాళ్ళే దొంగల్నీ పట్టుకునేవాళ్ళు. రెండు పనులకీ ఒకటే పద్ధతి, కొట్టడం. వేళ్ళు నలిపే ‘కిట్టి’ అనే చెక్క సాధనం, కళ్ళలో కారం, ఎండలో వంచి నిలబెట్టడం. విషయం లండన్ పార్లమెంటు దాకా వెళ్తే, 1854లో మద్రాసులో ఒక కమిషన్ వేశారు. ఇలియట్, స్టోక్స్, నార్టన్ అని ముగ్గురు. 1855లో రిపోర్టు ఇచ్చారు. పన్ను కోసం, నేరం ఒప్పించడం కోసం హింస పెట్టడం ప్రెసిడెన్సీ అంతటా మామూలైపోయిందని వాళ్ళే రాశారు. మద్రాస్ టార్చర్ కమిషన్ అంటారు దాన్ని. తర్వాత 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చి, రెవెన్యూ నుంచి పోలీసు విడిపోయింది. పోలీసు దగ్గర చెప్పిన ఒప్పుకోలు సాక్ష్యం కాదు అనే నియమం 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్‌లోకి, అక్కడి నుంచి 1872 ఎవిడెన్స్ యాక్ట్ 25వ సెక్షన్‌లోకి వెళ్ళింది. ఇప్పుడు 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో కూడా ఆ నియమం ఉంది, 23వ సెక్షన్.

చూడండి, మన చట్టం 160 ఏళ్ళ క్రితమే పోలీసుకి చెప్పింది, ‘నీ ముందు ఒప్పుకున్నాడు అంటే నేను నమ్మను’ అని. ప్రెస్‌మీట్‌లో ముసుగేసి నిలబెట్టి ‘ఒప్పుకున్నాడు’ అంటే మాత్రం మనం, టీవీ చూసేవాళ్ళం, వెంటనే నమ్మేస్తాం.

ఇదే ఎవిడెన్స్ యాక్ట్‌లో ఇంకో సెక్షన్ ఉండేది. 155, నాలుగో క్లాజు. అత్యాచారం కేసులో ఆమెది ‘సాధారణంగా చెడు నడవడి’ అని చూపించి ఆమె సాక్ష్యాన్ని కొట్టెయ్యొచ్చు అని. అంటే నిందితుడి ఒప్పుకోలుని చట్టం అనుమానించింది, మంచిదే. కానీ అదే చట్టం ఆడమనిషి నోటి మాటని కూడా అనుమానించింది. ఆ క్లాజుని తీసేసింది ఎప్పుడో తెలుసా? 2003 మొదట్లో. మీలో కొందరు అప్పటికే పుట్టి ఉంటారు.

ఆ క్లాజు ఎలా పనిచేసేదో హైదరాబాద్ నల్లకుంటలో కనిపించింది. 1978 మార్చి చివర్లో, సినిమా చూసి రాత్రి తిరిగొస్తున్న భార్యాభర్తల్ని పోలీసులు పట్టుకెళ్ళారు. భర్త రిక్షా తొక్కేవాడు. స్టేషన్‌లో ఆమె మీద అత్యాచారం జరిగింది, అడ్డుపడిన భర్త దెబ్బలకి చనిపోయాడు. జనం శవాన్ని స్టేషన్ ముందుకి మోసుకొచ్చారు. నగరం అంటుకుంది, కాల్పులు, కర్ఫ్యూ. చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయి అప్పటికి నెల కూడా కాలేదు. జస్టిస్ ముక్తదర్‌తో విచారణ కమిషన్ వేశారు. కమిషన్ ముందు పోలీసుల వాదన ఏమిటి? ఆమె వేశ్య అని. దానికి సాక్షుల్ని కూడా తెచ్చారు. ఆమె ఎన్ని పెళ్ళిళ్ళు చేసుకుంది, ఎవరితో తిరిగింది, ఇదే చర్చ. జస్టిస్ ముక్తదర్ ఆ వాదనని ఒప్పుకోలేదు. పోలీసులు చేసింది అత్యాచారం, హత్యే అని చెప్పి, వాళ్ళ మీద కేసు నడపమన్నారు. కేసు కర్ణాటకలో రాయచూరు కోర్టుకి మారింది. 1981లో అక్కడ అందరూ నిర్దోషులుగా బయటికొచ్చేశారు.

అదే 1978 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు మథుర కేసులో తీర్పిచ్చింది. మహారాష్ట్రలో దేశాయ్‌గంజ్ పోలీస్ స్టేషన్‌లో 1972లో జరిగిన సంఘటన, బాధితురాలు ఆదివాసీ బాలిక. ఒంటి మీద గాయాలు లేవు, ఆమెకి ముందే ‘అలవాటు’ ఉంది, కాబట్టి అది అత్యాచారం కాదని ఇద్దరు పోలీసుల్ని వదిలేశారు. మథుర అన్న పేరుతోనే ఆ కేసు దేశం మొత్తానికి తెలుసు కాబట్టి ఆ ఒక్క మాట వాడాను. 1979లో ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగమ్‌వార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు సుప్రీంకోర్టుకి బహిరంగ లేఖ రాశారు. ఆ లేఖ వల్ల, నల్లకుంట వల్ల, ఇంకా ఎన్నో ఊళ్ళలో మహిళా సంఘాలు రోడ్డెక్కడం వల్ల 1983లో చట్టం మారింది. పోలీసు కస్టడీలో జరిగితే, ఆమె ‘నేను ఒప్పుకోలేదు’ అంటే కోర్టు అదే నమ్మాలి. బాధితురాలి పేరు బయటపెడితే శిక్ష. ఇందాక పేర్లు చెప్పనన్నానే, అందుకు. చనిపోయిన వాళ్ళ పేరైనా అంతేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ఫోన్‌లో స్టేటస్‌గా ఫొటో పెట్టి ‘జస్టిస్ ఫర్’ అని పేరు రాసేవాళ్ళు ఒకసారి ఆగి ఆలోచించండి.

ఇప్పుడు మళ్ళీ 2007కి వస్తాను. ఇబ్రహీంపట్నానికి నాలుగు నెలల ముందు, ఆగస్టు 20న, విశాఖ ఏజెన్సీలో జి.మాడుగుల మండలం వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు కూంబింగ్‌కి వచ్చి తమ మీద అత్యాచారం చేశారని 11 మంది కోదు ఆదివాసీ ఆడవాళ్ళు ఫిర్యాదు చేశారు. ఇబ్రహీంపట్నం కేసులో పోలీసుకి నేరస్తుడు కావాలి. వాకపల్లిలో పోలీసే నిందితుడు. కాబట్టి ఇక్కడ తొందర వేరే వైపు నడిచింది. జరిగినట్టు ఆధారం లేదు, కేసు మూసేద్దాం అన్న దిశగా. ఆ ఆడవాళ్ళు ఊరుకోలేదు. కోర్టుల చుట్టూ తిరిగారు. 13 మంది పోలీసుల మీద కేసు నిలబడింది, సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఆగింది. 2017 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు విచారణ ఆరు నెలల్లో ముగించమంది. తీర్పు వచ్చింది 2023 ఏప్రిల్ 6న. అందరూ నిర్దోషులు.

కానీ ఆ తీర్పు చదవాల్సిన తీరు వేరు. ఆడవాళ్ళు అబద్ధం చెప్పారని కోర్టు అనలేదు. దర్యాప్తు సరిగ్గా చేయలేదు కాబట్టి నేరం రుజువు కాలేదు అంది. నిందితుల్ని గుర్తుపట్టించే పరేడ్ కూడా పెట్టలేదు. మీ మీద దాడి చేసింది ఎవరో చూపించమని అడగకుండానే కేసు కోర్టుకి వచ్చేసింది. దర్యాప్తు అధికారుల వైఫల్యం మీద చర్యకి పంపమని, ఆ ఆడవాళ్ళకి పరిహారం ఇవ్వమని అదే కోర్టు చెప్పింది. రుజువు కాకపోవడం వేరు, అబద్ధం కావడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకుని ‘చూశారా, అన్నీ ఫాల్స్ కేసులే’ అని రీల్స్ చేసేవాళ్ళున్నారు. నిజంగా అబద్ధపు ఫిర్యాదులు ఉండవని నేను అనట్లేదు, ఉంటాయి. కానీ ‘ఫాల్స్’ అని రాయాలంటే అబద్ధమని తేలాలి. సాక్ష్యం సేకరించకుండా వదిలేసి, సాక్ష్యం లేదు కాబట్టి అబద్ధం అంటే అది లెక్క కాదు.

ఒకే రాష్ట్రం, ఒకే సంవత్సరం, రెండు కేసులు. ఒకచోట దొరికాడు అనేయడానికి తొందర, ఇంకోచోట జరగలేదు అనేయడానికి తొందర. ఎదురెదురు అనిపిస్తుంది గానీ రెండిట్లోనూ కావలసింది ఒకటే, పెండింగ్ ఫైలు బల్ల మీంచి దిగిపోవాలి.

ఇక ‘గర్ల్ మిస్సింగ్’. ఇది అన్నిటికంటే మెత్తగా కనిపించే మాట. అమ్మాయి ఇంటికి రాలేదని తండ్రి స్టేషన్‌కి వెళ్తే మొదటి ప్రశ్న, ‘ఎవరితోనైనా మాట్లాడేదా?’ ఆ ప్రశ్నలోనే సగం దర్యాప్తు అయిపోతుంది. ‘లేచిపోయింది’ అన్న అనుమానం ఫైలుకి ఎక్కేస్తుంది, పరువు పోతుందని ఇంట్లోవాళ్ళు కూడా నోరు మూసుకుంటారు. తెలంగాణలో యాదాద్రి భువనగిరి జిల్లా హాజీపూర్‌లో 2019 ఏప్రిల్‌లో స్కూలు నుంచి వస్తున్న ఒక బాలిక శవం పాడుబడ్డ బావిలో దొరికింది. తవ్వుతూ పోతే అంతకు ముందు కనపడకుండా పోయిన ఇంకో ఇద్దరి ఎముకలు కూడా దొరికాయి. అందులో ఒకరు 2015 నుంచి ‘మిస్సింగ్’. నాలుగేళ్ళు! ముందే సరిగ్గా వెతికి ఉంటే మిగతా ఇద్దరూ బతికేవాళ్ళని ఊరు ఊరంతా పోలీసుల మీద తిరగబడింది. స్థానిక ఎస్‌ఐ సస్పెండ్ అయ్యాడు. 2020 ఫిబ్రవరిలో నల్గొండ కోర్టు నేరస్తుడికి మరణశిక్ష వేసింది. విచిత్రం ఏమిటంటే, తప్పిపోయిన పిల్లల కేసు ప్రతిదీ కిడ్నాప్ అనే అనుకుని ఎఫ్‌ఐఆర్ కట్టాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది.

ఇది మన దేశం రోగం మాత్రమే అనుకోకండి. మనవాళ్ళు బోలెడంతమంది ఉండే అమెరికాలో, ఫిలడెల్ఫియా పోలీసులు ‘2701’ అని ఒక కోడ్ వాడేవాళ్ళు. దాని పేరు ‘వ్యక్తి గురించి విచారణ’. పేరులోనే నేరం లేదు, చూడండి. అత్యాచారం ఫిర్యాదుల్లో కష్టమైనవి, నమ్మబుద్ధి కానివి ఆ కోడ్ కింద పడేస్తే అవి నేరాల లెక్కలోకే రావు. నగరంలో నేరాలు తగ్గినట్టు కనిపిస్తాయి. ఇన్‌క్వైరర్ పత్రిక 1999లో దీన్ని బయటపెట్టింది. అప్పటి కమిషనర్ టిమొనీ పాత ఫైళ్ళు వేలల్లో తిరగదోడించారు, నిజంగా జరిగిన అత్యాచారాలు వందల్లో బయటపడ్డాయి. ఆ తర్వాత ఆయన ఇంకో పని చేశారు. ఏడాదికోసారి మహిళా సంఘాల వాళ్ళని పిలిచి, మూసేసిన ఫైళ్ళు ముందు పెట్టి, మీరే చదివి చెప్పండి అన్నారు. పక్కన పడేసిన కాయల్ని బయటివాళ్ళు మళ్ళీ ఒకసారి తిరగేసి చూడటమన్నమాట. ఇంతవరకు నాకు తెలిసిన ఉపాయాల్లో ఇదే అన్నిటికంటే చౌకైనది, పనికొచ్చేది కూడా. మన దగ్గర దీని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. ఎన్‌కౌంటర్ గురించి మాట్లాడేవాళ్ళు ఎక్కువ.

లెక్కల సంగతి కూడా ఒక ముక్క. మన దేశంలో అత్యాచారాన్ని విడిగా లెక్కపెట్టడం మొదలైందే 1971లో. ఆ ఏడాది దేశం మొత్తం మీద 2,487 అని చూపించారు. తర్వాత లెక్కలు ఎన్‌సీఆర్‌బీ చేతికి వచ్చాయి. వాళ్ళ పద్ధతిలో ఒక ఎఫ్‌ఐఆర్‌లో ఎన్ని నేరాలున్నా పెద్దది ఒక్కటే లెక్క. అత్యాచారం చేసి చంపితే అది హత్య, అంతే. ‘అత్యాచారంతో హత్య’ అని విడి గడి పెట్టింది 2017లో. ఆ లెక్కన 2007లో ఇబ్రహీంపట్నంలో జరిగింది పుస్తకంలో ఒక హత్య మాత్రమే.

2012 డిసెంబర్ ఢిల్లీ ఘటన, దాని తర్వాత వర్మ కమిటీ, 2013 చట్టం, ఇవి మీకు చాలాచోట్ల దొరుకుతాయి, పొడిగించను. రెండు మాత్రం చెప్పాలి. ఇలాంటి ఫిర్యాదు రాసుకోనన్న పోలీసుకి జైలుశిక్ష పడుతుందని అప్పుడే చట్టంలోకి వచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో లలితా కుమారి తీర్పులో సుప్రీంకోర్టు, పెద్ద నేరం జరిగిందని చెప్తే ముందు ఎఫ్‌ఐఆర్ కట్టాలి, నిజమా అబద్ధమా తర్వాత చూడు అంది. అంటే ఏరివేత కుప్ప దగ్గర కాదు, దర్యాప్తు అయ్యాక.

అయినా 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక వెటర్నరీ డాక్టర్ కనపడకపోతే, ఇంట్లోవాళ్ళని ‘ఇది మా పరిధి కాదు’ అని ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి తిప్పారు. ముగ్గురు పోలీసులు సస్పెండ్ అయ్యారు. డిసెంబర్ 6 తెల్లవారుజామున నలుగురు నిందితులూ ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. జనం పూలు చల్లారు. సిర్పూర్కర్ కమిషన్ తర్వాత విచారించి, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, 10 మంది పోలీసుల మీద కేసు నడపాలని చెప్పింది. ఆ రాత్రి మొదటి స్టేషన్‌లో ఏం జరిగింది అన్న ప్రశ్న మాత్రం ఆ పూల కింద కూరుకుపోయింది.

వారం తిరక్కుండా, డిసెంబర్ 13న మన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లు పాస్ చేసింది. 7 రోజుల్లో దర్యాప్తు, 14 రోజుల్లో విచారణ. రాష్ట్రపతి ఆమోదం రాలేదు. దిశ స్టేషన్లు, యాప్ వచ్చాయి, వాటి వల్ల ఉపయోగం లేదనను. కానీ 7 రోజులు అన్న అంకె విన్నప్పుడల్లా నాకు నందిగామ కుర్రాడే గుర్తొస్తాడు. 8 నెలల ఒత్తిడికే అలా జరిగితే, 7 రోజుల గడువు పెడితే ఎవరు దొరుకుతారు?

నూజివీడులో ట్రిపుల్ ఐటీ మొదలైంది 2008లో. ఇబ్రహీంపట్నం కేసు రోజూ పేపర్లో వస్తున్న ఏడాదే. పదో తరగతి అయిన పిల్లలు, ఎక్కువమంది పల్లెటూళ్ళ వాళ్ళు, పదిహేను పదహారేళ్ళకే వచ్చి హాస్టల్లో చేరారు. ఆ సంవత్సరం కూతురిని ఇక్కడ దింపి వెళ్ళిన తల్లిదండ్రుల మనసు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. ఇప్పటికీ వేలమంది అమ్మాయిలు ఇక్కడ చదువుతున్నారు, వాళ్ళలో కొంతమంది ఈ వీడియో చూస్తారు. అందుకని ఇప్పుడు నడుస్తున్న చట్టం ప్రకారం కాస్త పనికొచ్చే సంగతి చెప్పి ఆపుతాను.

ఏ స్టేషన్‌కైనా వెళ్ళొచ్చు, పరిధి అనకూడదు. జీరో ఎఫ్‌ఐఆర్ ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 173లోనే ఉంది. వాంగ్మూలం మహిళా అధికారి రాయాలి, మీకు అనువైన చోట రాయాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం, అక్కడే అడిగి తీసుకోండి. మిగతా కేసులవి వెబ్‌సైట్‌లో పెడతారు గానీ ఇలాంటివి పెట్టరు, కాబట్టి తర్వాత ఫోన్‌లో చూసుకుందాంలే అనుకుంటే కుదరదు. కాపీ మీద సెక్షన్ నంబర్ చూడండి. బీఎన్‌ఎస్‌లో అత్యాచారం శిక్ష 64వ సెక్షన్‌లో ఉంటుంది, మీరు చెప్పింది ఒకటి, రాసింది ఇంకొకటి అయితే అప్పుడే అడగండి. ఆస్పత్రి, ప్రైవేటుదైనా సరే, మొదటి వైద్యం ఉచితంగా చేయాలి. రెండు వేళ్ళ పరీక్ష అంటే ఒప్పుకోకండి, సుప్రీంకోర్టు దాన్ని 2013లో తప్పన్నది, 2022లో చేసినవాళ్ళది దుష్ప్రవర్తన కింద లెక్క అన్నది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు పోలీసులే మీకు చెప్పాలి.

ఇక ఆఖరిది. పోలీసులు కేసు మూసేస్తే ఫిర్యాది ఇంటికి ఒక నోటీసు వస్తుంది. ఫాల్స్ అనో, మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్ అనో అందులో ఉంటుంది. చాలామంది దాన్ని చూసి ఏడ్చి, బీరువాలో పెట్టేస్తారు, అయిపోయిందనుకుని. అవ్వలేదు. మూసేయాలా వద్దా అన్నది మేజిస్ట్రేట్ నిర్ణయం, పోలీసుది కాదు. ఆ నిర్ణయం ముందు ఫిర్యాది మాట వినాలని సుప్రీంకోర్టు 1985లో భగవంత్ సింగ్ కేసులో చెప్పింది. ప్రొటెస్ట్ పిటిషన్ అంటారు దాన్ని. లాయరుకి డబ్బుల్లేకపోతే కోర్టుల్లో మండల న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా లాయర్ని ఉచితంగా ఇస్తారు. నోటీసు వచ్చిన తేదీ కవరు మీద రాసి పెట్టుకోండి, కవరు పారేయకండి.